మెయ్‌నూత్ కాలువగట్టు – మూడు అక్షాల జ్యామితి

తెలుగునాట ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇంట ఎంసెట్ అన్న మాట ఎరుగనివారు ఉండరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా పెద్దల నోట పాత పేరే నిలిచి ఉన్నది. మూడు గంటలలో 160 ప్రశ్నలు. అందులో సగం, అనగా 80, గణితానివి. ఒక్కొక్క ప్రశ్నకు సగటున లభించే కాలం 68 సెకన్ల లోపే. అంత కొద్ది వ్యవధిలో ఆలోచనకు తావు లేదని భావించి విద్యార్థులు సూత్రాల పట్టికలను కంఠస్థం చేయడానికి పూనుకుంటారు. కొన్ని అధ్యాయాలలో ఈ పద్ధతి కొంతవరకు సాగవచ్చు. త్రిపరిమాణ నిరూపక జ్యామితిలో మాత్రం అది తరచు బెడిసికొడుతుంది. సూత్రం జ్ఞాపకం ఉన్నా, ఏ ప్రశ్నకు ఏ సూత్రం వర్తిస్తుందో తోచక తికమకపడడం ఈ అధ్యాయంలో సర్వసాధారణం.

విదేశాలలో పెరిగే తెలుగు పిల్లలకు ఈ సమస్య మరొక రూపంలో ఎదురవుతుంది. ఐర్లండ్‌లో డబ్లిన్ నగరానికి పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, కిల్డేర్ కౌంటీలో, మెయ్‌నూత్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉన్నది. పొరుగున ఉన్న లెక్స్‌లిప్‌లో ఇంటెల్ సంస్థ కర్మాగారం ఉన్నది. అక్కడి పిల్లలు పాఠశాల విద్య చివర రాసే లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షలో నిరూపక జ్యామితి సరళరేఖ, వృత్తాలతో, అనగా కాగితపు తలంతోనే, ముగుస్తుంది. భారతదేశానికి వచ్చి డాసా పథకం ద్వారా ఎన్.ఐ.టి.లలో చేరదలచిన విద్యార్థికి 2021 నుండి జేఈఈ మెయిన్ ర్యాంకే ప్రాతిపదిక. ఆ పరీక్షలో మూడు పరిమాణాల జ్యామితి తప్పదు. పాఠశాలలో ఆ పాఠం లేదు. వీధి చివర కోచింగ్ కేంద్రం లేదు. అటువంటి విద్యార్థి ఈ అధ్యాయాన్ని ఒంటరిగా నేర్చుకోగలడా?

నేర్చుకోగలడు. ఏమంటే, ఈ అధ్యాయంలో గుర్తుంచుకోవలసిన విషయాలు చాలా తక్కువ. చూడవలసిన విషయాలు ఎక్కువ. అందుకు తోడ్పడే భావన ఒకటి మెయ్‌నూత్ మీదుగా సాగే కాలువ గట్టునే, కొంత తూర్పున, 1843లో పుట్టింది.

గది మూలలో మూడు అక్షాలు

మొదట గదిలోని ఒక మూలను గమనించాలి. నేల మీద రెండు గోడల అంచులు కలిసేచోటు మూలబిందువు. నేలను తాకుతూ సాగే రెండు అంచులు ఎక్స్, వై అక్షాలు. పైకి లేచే అంచు జడ్ అక్షం. గదిలో వేలాడే దీపం స్థానాన్ని చెప్పడానికి మూడు సంఖ్యలు చాలు. ఒక గోడ నుండి 2 మీటర్లు, రెండవ గోడ నుండి 3 మీటర్లు, నేల నుండి 2 మీటర్ల ఎత్తు అయితే దాని నిరూపకాలు (2, 3, 2).

కాగితపు జ్యామితికి అలవాటుపడిన విద్యార్థులు ఇక్కడే తొలి పొరపాటు చేస్తారు. "ఎక్స్ = 2" అన్న సమీకరణం కాగితం మీద ఒక సరళరేఖ. గదిలో అదే సమీకరణం ఒక తలం. గోడకు సమాంతరంగా, 2 మీటర్ల ఎడంగా నిలబెట్టిన తెర వంటిది. అంతరాళంలో ఒక సమీకరణం ఒక్క స్వేచ్ఛను మాత్రమే తగ్గిస్తుంది. కావున సరళరేఖ కావాలంటే రెండు సమీకరణాలు కావాలి. రెండు తెరలు ఖండించుకున్న చోట ఒక రేఖ ఏర్పడినట్లు. ఈ ఒక్క విషయం మనసుకు పట్టితే రేఖ సమీకరణం ఎందుకు రెండు "సమానం" గుర్తులతో ఉంటుందో వేరుగా వల్లెవేయనక్కరలేదు.

తరువాతి భావన దిశ. ఒక బిందువు నుండి మరొక బిందువుకు పోవడానికి మూడు అక్షాల వెంబడి ఎంతెంత నడవాలో చెప్పే మూడు సంఖ్యలే దిక్ సంఖ్యలు. (1, 2, 2) అన్నా, (2, 4, 4) అన్నా ఒకే దారి. వాటిని ఆ దిశ పొడవుతో భాగిస్తే వచ్చేవి దిక్ కొసైన్‌లు. (1, 2, 2) పొడవు 3. కావున దిక్ కొసైన్‌లు 1/3, 2/3, 2/3. వీటి వర్గాల మొత్తం ఎల్లప్పుడు 1. ఈ నియమం పైథాగరస్ సిద్ధాంతమే తప్ప కొత్త సూత్రం కాదు. పరీక్షలో దీని ఉపయోగం తక్కువది కాదు. ఒక రేఖ ఎక్స్ అక్షంతో 45 డిగ్రీలు, వై అక్షంతో 60 డిగ్రీలు చేస్తే, కొసైన్ వర్గాలు 1/2, 1/4, మిగిలినది 1/4, కావున మూడవ కోణం 60 లేదా 120 డిగ్రీలు. ఒక రేఖ రెండు అక్షాలతోను 30 డిగ్రీల చొప్పున చేస్తుందని ప్రశ్నలో ఉంటే, 3/4, 3/4 కలిపి ఒకటిని మించిపోతుంది. అటువంటి రేఖ లేదు. లెక్క మొదలుపెట్టకముందే సమాధానం తేలిపోతుంది.

కాలువగట్టున దొరికిన గుణకారం

దిశలను కూడడం సులభం. ఒక దిశలో నడిచి, అక్కడి నుండి మరొక దిశలో నడవడమే కూడిక. మరి రెండు దిశలను గుణించడం ఎట్లా? ఈ ప్రశ్నతో ఐర్లండ్ గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ (1805–1865) ఏళ్ల తరబడి పెనగులాడాడు. కాగితపు తలంలో సంకీర్ణ సంఖ్యలు ఈ పని చేస్తాయి. రెండు భాగాల సంఖ్యలను గుణిస్తే తలంలో భ్రమణం లభిస్తుంది. మూడు భాగాల సంఖ్యలతో అంతరాళంలోనూ అదే సాధించాలని ఆయన కోరిక. ఆ రోజులలో ఉదయం ఉపాహారానికి రాగానే కుమారులు త్రికాలను గుణించడం సాధ్యమైందా అని అడిగేవారనీ, కూడడం, తీసివేయడం మాత్రమే వచ్చునని తాను విచారంగా తల ఊపేవాడిననీ హామిల్టన్ తరువాతి కాలంలో ఒక కుమారునికి రాసిన ఉత్తరంలో జ్ఞాపకం చేసుకున్నాడు.

1843 అక్టోబరు 16వ తేదీన ఆయన డన్‌సింక్ ఖగోళశాల నుండి రాయల్ ఐరిష్ అకాడమీ సమావేశానికి భార్యతో కలిసి రాయల్ కాలువ గట్టు వెంబడి డబ్లిన్‌కు నడుస్తున్నాడు. బ్రూమ్ వంతెన వద్దకు వచ్చేసరికి సమాధానం తళుక్కుమన్నది. మూడు చాలవు, నాలుగు భాగాలు కావాలి. ఐ, జె, కె అనే మూడు ప్రమాణాలు. ప్రతిదాని వర్గమూ −1. మూడింటి లబ్ధమూ −1. ఆయన ఆ నియమాన్ని వంతెన రాతి మీద కత్తితో చెక్కాడు. ఆ గీతలు కాలక్రమాన చెరిగిపోయాయి. అక్కడ 1958లో ఒక శిలాఫలకాన్ని ఆవిష్కరించినవారు ఆనాటి ప్రధాని ఈమన్ డి వలేరా. ఆయన రాజకీయాలలో ప్రసిద్ధుడు కాకముందు, 1912లో, మెయ్‌నూత్‌లోని సెయింట్ పాట్రిక్స్ కళాశాలలో గణితం బోధించాడు.

ఆ నియమంలోని విశేషం గుణకార క్రమం. ఐని జెతో గుణిస్తే కె. జెని ఐతో గుణిస్తే −కె. ఇది వింతగా తోచవచ్చు. ఒక పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని మొదట నిలువు అక్షం చుట్టూ పావు చుట్టు, తరువాత ఎడమ-కుడి అక్షం చుట్టూ పావు చుట్టు తిప్పాలి. మళ్లీ మొదటి స్థితికి తెచ్చి, అవే రెండు భ్రమణాలను క్రమం మార్చి చేయాలి. పుస్తకం వేరే స్థితిలో నిలుస్తుంది. అంతరాళంలో క్రమానికి విలువ ఉన్నది. ఆ విలువే ఋణ గుర్తుగా కనిపిస్తుంది.

హామిల్టన్ పద్ధతిలో రెండు దిశలను గుణిస్తే ఫలితంలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి కేవలం సంఖ్య. రెండవది ఒక దిశ. వీటిని స్కేలర్, వెక్టర్ అన్న పేర్లతో గణితంలోకి తెచ్చినవాడు ఆయనే. అవే తెలుగు పాఠ్యపుస్తకాలలో అదిశ, సదిశ అయినవి. 1880ల ప్రాంతంలో అమెరికాలో గిబ్స్, ఇంగ్లండ్‌లో హెవిసైడ్ ఈ రెండు భాగాలను విడదీశారు. సంఖ్యాభాగం గుర్తు మార్చగా అదిశా లబ్ధం. మిగిలినది సదిశా లబ్ధం. ఇంటర్మీడియట్‌లో చిరకాలం సదిశలు 1(ఎ) పుస్తకంలోను, త్రిపరిమాణ జ్యామితి 1(బి) పుస్తకంలోను ఉండేవి. రెండు పుస్తకాలు, ఇద్దరు ఉపాధ్యాయులు, రెండు సూత్రాల పట్టికలు. నిజానికి అవి రెండూ ఒకే అధ్యాయం. ఈ సంగతి గ్రహించిన విద్యార్థికి భారం సగం తగ్గుతుంది.

రెండు లబ్ధాలు – రెండు ప్రశ్నలు

అదిశా లబ్ధం "ఈ రెండు దిశలు ఎంతవరకు ఏకీభవిస్తున్నవి?" అన్న ప్రశ్నకు సమాధానం. అనురూప సంఖ్యలను గుణించి కూడితే చాలు. ఫలితం సున్న అయితే దిశలు లంబంగా ఉన్నాయి. పొడవులతో భాగిస్తే కోణం కొసైన్ లభిస్తుంది. సదిశా లబ్ధం "ఈ రెండింటికీ లంబంగా ఉన్న దిశ ఏది?" అన్న ప్రశ్నకు సమాధానం. ఈ అధ్యాయంలోని ప్రశ్నలు అధికభాగం ఈ రెండింటిలో ఒకటి, లేదా రెండూ.

మెయ్‌నూత్ రైల్వే స్టేషను పక్కనే రాయల్ కాలువ ఉన్నది. డబ్లిన్‌కు పోయే రైలుపట్టాలు కాలువ వెంబడే సాగుతాయి; అవి సమాంతర రేఖలకు ఉదాహరణ. కాలువ మీదుగా వంతెన దాటే రోడ్డును గమనిస్తే, అది కాలువకు సమాంతరం కాదు. కాలువను తాకదు కూడా. ఇటువంటి రేఖలు కాగితం మీద ఉండడానికి వీలులేదు. వీటినే అసతలీయ రేఖలు అంటారు, అనగా ఒకే తలంలో ఇమడనివి. వీటి మధ్య కనిష్ఠ దూరం ఎంత అన్నది పరీక్షలలో పలుమార్లు కనిపించే ప్రశ్న. సూత్రం చూడడానికి భయంకరంగా ఉంటుంది. వంతెనను చూస్తే భయం తొలగుతుంది. కాలువ మూలబిందువు గుండా (1, 0, 0) దిశలో, రోడ్డు (3, 2, 6) బిందువు గుండా (1, 2, 0) దిశలో సాగుతున్నాయని అనుకుందాం. రెండు దిశల సదిశా లబ్ధం (0, 0, 2). అనగా రెండింటికీ లంబమైన దిశ నిట్టనిలువు. ఒక రేఖ మీది బిందువు నుండి రెండవ రేఖ మీది బిందువుకు పోయే దారి (3, 2, 6). ఆ దారిలో నిలువు దిశకు చెందిన భాగం 6. కనిష్ఠ దూరం వంతెన ఎత్తే. వంతెన కాలువను ఎంత ఏటవాలుగా దాటినా సమాధానం మారదు. సాధారణ సూత్రం చెప్పేదీ ఇంతే: సదిశా లబ్ధంతో లంబ దిశను కనుగొని, అదిశా లబ్ధంతో ఆ దిశలోని భాగాన్ని కొలవడం.

అణువులలో జ్యామితి

ఇంజనీరింగ్ విద్యార్థి రసాయనశాస్త్రం కూడా చదువుతాడు. అక్కడ మీథేన్ అణువులో బంధకోణం 109 డిగ్రీల 28 నిమిషాలు అని కంఠస్థం చేస్తాడు. గణితంలో ఘనం రెండు వికర్ణాల మధ్య కోణం కొసైన్ 1/3 అని మరొక చోట కంఠస్థం చేస్తాడు. ఈ రెండూ ఒకే లెక్క అని చెప్పేవారు అరుదు. ఘనం కేంద్రంలో కార్బన్‌ను ఉంచి, ఒకదాని పక్కన మరొకటి రాకుండా నాలుగు శీర్షాల వద్ద హైడ్రోజన్లను ఉంచాలి. వాటి దిశలు (1, 1, 1), (1, −1, −1), (−1, 1, −1), (−1, −1, 1). మొదటి రెండింటి అదిశా లబ్ధం 1 − 1 − 1 = −1. ఒక్కొక్కదాని పొడవు 3 వర్గమూలం. కోణం కొసైన్ −1/3. కోణం 109 డిగ్రీల 28 నిమిషాలు. ఘనం వికర్ణాల మధ్య లఘుకోణం దీనికి సంపూరకమైన 70 డిగ్రీల 32 నిమిషాలు.

ఇంకొక అడుగు వేయవచ్చు. మొదటి రెండు హైడ్రోజన్లు, కార్బన్ ఉన్న తలానికి అభిలంబం సదిశా లబ్ధం: (0, 2, −2). మిగిలిన రెండింటి తలానికి అభిలంబం (0, 2, 2). ఈ అభిలంబాల అదిశా లబ్ధం 4 − 4 = 0. రెండు తలాలు పరస్పరం లంబం. రెండు తలాల మధ్య కోణం అన్న పరీక్షా ప్రశ్న ఇదే.

మెయ్‌నూత్ ఉన్న కిల్డేర్ కౌంటీలోనే న్యూబ్రిడ్జ్ పట్టణంలో 1903లో జన్మించిన కాథ్లీన్ లాన్స్‌డేల్, 1929లో లీడ్స్‌లో ఎక్స్-కిరణాల సహాయంతో స్ఫటికాలను పరిశీలించి బెంజీన్ వలయం సమతలంగా ఉంటుందని నిరూపించింది. 1945లో రాయల్ సొసైటీకి ఎన్నికైన తొలి ఇద్దరు మహిళలలో ఆమె ఒకరు. ఆమె తేల్చిన విషయం విద్యార్థి భాషలో చెప్పాలంటే, ఆరు బిందువులు సతలీయాలు. దీనికొక చక్కని అభ్యాసం ఉన్నది: (1, −1, 0), (1, 0, −1), (0, 1, −1), (−1, 1, 0), (−1, 0, 1), (0, −1, 1) అన్న ఆరు బిందువులను తీసుకోవాలి. ప్రతి బిందువులోను మూడు సంఖ్యల మొత్తం సున్న. కావున అన్నీ ఒకే తలం మీద ఉన్నాయి. ప్రతిదాని పొడవు 2 వర్గమూలం. పక్క పక్క బిందువుల దిశల అదిశా లబ్ధం 1, కావున కోణం 60 డిగ్రీలు. ఇది క్రమ షడ్భుజి. బెంజీన్ వలయపు ఆకారం. ఒక్క సూత్రమూ కంఠస్థం చేయకుండా రుజువైనది.

ఒక లెక్క – మూడు సమాధానాలు

తలానికి సంబంధించి దూరం, లంబపాదం, ప్రతిబింబం అన్న మూడు ప్రశ్నలకు మూడు సూత్రాలను పట్టికలో రాసుకోవడం ఆచారం. ప్రతిబింబపు సూత్రంలో −2 ఉంటుంది, లంబపాదపు సూత్రంలో −1 ఉంటుంది. పరీక్షలో ఇవి తారుమారవుతాయి. తలం సమీకరణం 2ఎక్స్ − వై + 2జడ్ = 12, బిందువు (1, 1, 1) అనుకుందాం. తలానికి అభిలంబం సమీకరణంలోనే కనిపిస్తున్నది: (2, −1, 2), పొడవు 3. బిందువు నుండి ఈ దిశలో నడవాలి. బిందువు వద్ద ఎడమ పక్షం విలువ 3, కావలసినది 12, ఇంకా 9 పెరగాలి. అభిలంబం వెంబడి ఒక అడుగు వేస్తే విలువ 4 + 1 + 4 = 9 పెరుగుతుంది. కావున సరిగ్గా ఒక అడుగు. లంబపాదం (3, 0, 3). దూరం ఒక అడుగు పొడవు, అనగా 3. అద్దం వెనుక అంతే దూరం పోవాలి కనుక మరొక అడుగు వేస్తే ప్రతిబింబం (5, −1, 5). మూడు సమాధానాలూ ఒకే నడకలో లభించినవి. గుర్తు తప్పడానికి ఇక్కడ అవకాశమే లేదు.

సాధన ఎట్లా?

మొదటి వారం గడియారం పక్కన పెట్టాలి. రోజుకు ఐదారు లెక్కలు చాలు. ప్రతి లెక్కలోను ఇచ్చినవాటిలో బిందువులేవి, దిశలేవి అని వేరు చేయాలి; ఈ రెండింటిని కలగలపడమే సగం తప్పులకు మూలం. అగ్గిపెట్టె, అట్టముక్క, రెండు పెన్సిళ్లతో పరిస్థితిని నిలబెట్టి చూడాలి. పెన్సిళ్లు రేఖలు, అట్ట తలం, అట్టకు గుచ్చిన పుల్ల అభిలంబం. రేఖకు, తలానికి మధ్య కోణం అడిగినప్పుడు అభిలంబంతో చేసే కోణాన్నే సమాధానంగా రాసే పొరపాటు, పుల్లను చూస్తూ చేసినవారికి రాదు.

రెండవ వారం పుస్తకంలోని ప్రతి సూత్రాన్ని రెండు లబ్ధాల సహాయంతో స్వయంగా రాబట్టాలి. రాబట్టలేని సూత్రం ఇంకా తనది కాలేదని విద్యార్థి గ్రహించాలి. మూడవ వారం నుండి పాత ప్రశ్నపత్రాలతో, కాలం కొలుస్తూ సాధన చేయాలి. తప్పిన లెక్కలకు వేరే నోటుపుస్తకం ఉంచి, తప్పు భావనలోనా, గుణకారంలోనా, ప్రశ్న చదవడంలోనా అన్నది ఒక్క మాటలో రాసుకోవాలి. జేఈఈ మెయిన్‌లో 2025 నుండి మూడు గంటలకు 75 ప్రశ్నలే. కాలం ఎక్కువ, కాని తప్పు సమాధానానికి ఒక మార్కు కోత ఉన్నది. ఎంసెట్‌లో ఆ కోత లేదు. కావున రెండు పరీక్షలకు ఒకే వేగం పనికిరాదు. పాఠ్యప్రణాళికలు కూడా మారుతుంటాయి. ఉదాహరణకు 2024లో జేఈఈ మెయిన్ ప్రణాళిక నుండి తలం సమీకరణాలను తొలగించారు. అడ్వాన్స్‌డ్‌లో అవి కొనసాగాయి. సాధన మొదలుపెట్టే ముందు ఆ సంవత్సరపు ప్రణాళికను చూసుకోవడం అవసరం.

పరీక్ష ఒక పూటతో ముగుస్తుంది. నేర్చిన జ్యామితి మాత్రం యంత్రశాలలో, స్ఫటికశాస్త్రంలో, కంప్యూటర్ చిత్రాలలో మళ్లీ ఎదురవుతుంది. హామిల్టన్ నాలుగు భాగాల సంఖ్యలు నేడు అంతరిక్ష నౌకల భ్రమణాన్ని లెక్కించడానికి ఉపయోగపడుతున్నాయి. ర్యాంకు కోసం మాత్రమే వల్లెవేసిన సూత్రాలు అప్పటికి మిగలవు.

మెయ్‌నూత్ విశ్వవిద్యాలయ గణితశాస్త్ర శాఖ 1990లో ఒక ఆచారాన్ని ప్రారంభించింది. ఏటా అక్టోబరు 16న డన్‌సింక్ నుండి బ్రూమ్ వంతెన వరకు హామిల్టన్ నడిచిన దారిలో నడవడం ఆ ఆచారం. మెయ్‌నూత్ నుండి డబ్లిన్‌కు పోయే రైలు ఆ వంతెన పేరుగల బ్రూమ్‌బ్రిడ్జ్ స్టేషనులో ఆగుతుంది. పరీక్షకు చదివే పిల్లలను తల్లిదండ్రులు ఒక ఆదివారం అక్కడికి తీసుకుపోవడం మంచిది. కాలువ, పట్టాలు, వాటి మీదుగా పోయే రోడ్డు అక్కడ ఒక్కచోటనే కనిపిస్తాయి. సమాంతర రేఖలేవి, అసతలీయ రేఖలేవి అని అడిగితే పిల్లలు పుస్తకం తెరవకుండానే చూపగలుగుతారు.